ఐఎస్ఐ, సీఈ, స్టార్ గుర్తులు: ఏ ముద్ర ఎవరి మాట?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈ నెల కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల నుండి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఇంటి సామాను మీద కనిపించే ముద్రల గురించినవే. పలువురు ఒకే విషయం అడిగిన చోట ఆ ప్రశ్నలను ఒకటిగా కలిపాము.

ప్రశ్న: నీళ్ళు కాచుకునే హీటర్ రాడ్డు ఒకటి కర్నూలు బజారులో కొన్నాను. డబ్బా మీద ఐఎస్ఐ ముద్ర లేదు, సీఈ అనే రెండక్షరాలు మాత్రం ఉన్నాయి. అడిగితే, "ఇది యూరప్ ముద్ర అమ్మా, ఐఎస్ఐ కంటే పైది" అని దుకాణంలో చెప్పారు. మా అబ్బాయేమో ఆ అక్షరాలకు చైనా ఎక్స్‌పోర్ట్ అని అర్థం అంటున్నాడు. ఇందులో ఏది నిజం? – ఒక గృహిణి, కర్నూలు

జవాబు: దుకాణంలో చెప్పినదీ సరికాదు, మీ అబ్బాయి విన్నదీ సరికాదు. సీఈ అనేది యూరప్ దేశాల ఉమ్మడి మార్కెట్‌లో అమ్మే అనేక రకాల వస్తువుల మీద ఉండవలసిన ముద్ర. అక్కడి చట్టాలు కోరే భద్రతా నిబంధనలకు ఈ వస్తువు లోబడి ఉందని తయారీదారు చేసే ప్రకటనకు అది గుర్తు. వస్తువు ఏ దేశంలో తయారైందో అది చెప్పదు; జర్మనీలో చేసినా చైనాలో చేసినా ముద్ర ఒకటే. చైనా ఎక్స్‌పోర్ట్ అనే అధికారిక ముద్ర ఏదీ లేదు. రెండక్షరాల మధ్య ఎడం తక్కువగా ఉంటే అది చైనా ముద్ర అనే ప్రచారం చాలాకాలంగా తిరుగుతోంది. ఎడం సరిగా లేని సీఈని తప్పుగా అచ్చువేసిన ముద్ర అనో, హక్కు లేకుండా వేసుకున్న ముద్ర అనో అనుకోవాలి తప్ప దానికి వేరే అర్థం లేదు.

అసలు చూడవలసినది ఆ ప్రకటన ఎవరు చేస్తారన్నది. గ్యాస్ పరికరాల వంటి ప్రమాదం ఎక్కువగా ఉన్న వస్తువులకు యూరప్‌లో కూడా బయటి సంస్థ పరీక్ష ఉండి తీరాలి. ఆ సంస్థ తయారీ మీద కూడా నిఘా ఉంచే చోట దానికి కేటాయించిన నాలుగంకెల సంఖ్య సీఈ పక్కనే కనిపిస్తుంది. హీటర్ రాడ్డు, ఇస్త్రీపెట్టె, మిక్సీ వంటి మామూలు కరెంటు పరికరాల సంగతి అలా కాదు. వాటికి తయారీదారే పరీక్షలు జరిపించుకొని, కాగితాలు సిద్ధం చేసుకొని, తన బాధ్యత మీద తానే ముద్ర వేసుకోవచ్చు. ఆ మాట అబద్ధమని తేలితే సరుకును వెనక్కి రప్పించే అధికారులు ఆ దేశాలలో ఉన్నారు కాబట్టి అక్కడ ఆ ఏర్పాటుకు విలువ ఉంది. అదే ముద్రతో కర్నూలు బజారుకు వచ్చిన రాడ్డు విషయంలో తయారీదారు మాట నిలబెట్టుకున్నాడో లేదో ఇక్కడ ఎవరూ అడగరు.

ఐఎస్ఐ ముద్ర వెనుక ఉన్న పద్ధతి వేరు. 1947లో ఏర్పడిన ఇండియన్ స్టాండర్డ్స్ ఇన్‌స్టిట్యూషన్ పేరు మీదుగా ఆ అక్షరాలు వచ్చాయి. 1987లో దాని స్థానంలో బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్, అంటే బీఐఎస్, ఏర్పడినా జనానికి అలవాటైన ముద్రను మార్చలేదు. ఈ ముద్ర కావాలంటే తయారీదారు లైసెన్సు తీసుకోవాలి. బీఐఎస్ తరఫు వారు ఫ్యాక్టరీకి వెళ్ళి అక్కడి యంత్రాలనూ పరీక్షా పరికరాలనూ చూస్తారు, సరుకు నమూనాలను ప్రయోగశాలలో పరీక్ష చేయిస్తారు, లైసెన్సు ఇచ్చిన తరువాత కూడా ఫ్యాక్టరీ నుండీ బజారు నుండీ నమూనాలు తీసుకుంటూ ఉంటారు. సీఈ తయారీదారు తన గురించి తాను చెప్పుకున్న మాట, ఐఎస్ఐ బయటివారు వచ్చి చూసి ఇచ్చిన అనుమతి. పైగా హీటర్ రాడ్లు, ఇస్త్రీపెట్టెలు, గీజర్లు, స్విచ్చులు, ఇంటి వైర్లు 2003లో కేంద్రం జారీ చేసిన ఉత్తర్వుతోనే ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి అయిన వస్తువుల జాబితాలోకి వచ్చాయి. కాబట్టి ఈ రెండు ముద్రలలో ఏది పైది అన్న ప్రశ్నే ఇక్కడ రాదు; మన దేశంలో అమ్మే రాడ్డుకు చెల్లే ముద్ర ఐఎస్ఐ మాత్రమే, అది లేని రాడ్డును అమ్మకూడదు.

మీ చేతిలో ఉన్న రాడ్డును ఒకసారి పరిశీలించండి. ఐఎస్ఐ ముద్ర పైన ఐఎస్ 368 అనే ప్రమాణం సంఖ్య ఉండాలి. నీళ్ళు ఎక్కడిదాకా ఉండాలో చూపే గీత రాడ్డు మీద చెరిగిపోని విధంగా ఉండాలి. ప్లగ్గుకు మూడు పిన్నులు ఉండాలి. పైనున్న లావుపాటి పొడవైన పిన్ను ఎర్త్ కోసం, లోపల ఏదైనా తెగి లోహపు గొట్టానికి కరెంటు తగిలినప్పుడు అది భూమిలోకి పోయే దారి అదే. 1500 వాట్ల రాడ్డు 230 వోల్టుల మీద దాదాపు ఆరున్నర ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది కనుక దానికి చిన్న ప్లగ్గు పనికిరాదు, పెద్ద 16 ఆంపియర్ల ప్లగ్గు, సాకెట్టు ఉండాలి. ముద్ర లేని రాడ్లలో రెండు పిన్నుల ప్లగ్గు గాని, సన్నని వైరు గాని కనిపిస్తే అది వాడదగిన వస్తువు కాదని నిస్సంకోచంగా చెబుతాను. మీరు కొన్నదానిని బిల్లుతో సహా తిరిగి ఇచ్చేయండి.

మంచి రాడ్డు కొన్నవారికి కూడా ఒక మాట. ముద్ర చెప్పేది ఫ్యాక్టరీ దాటిన నాటి వస్తువు గురించే. మన ప్రాంతపు ఉప్పునీళ్ళలో కొంతకాలం వాడేసరికి రాడ్డుకు తెల్లటి పొర గట్టిగా పేరుకుంటుంది, దాని కింద వేడి బయటకు పోక లోహం పగులుతుంది. పగులు కనిపించిన రాడ్డును ఎంత మంచి ముద్ర ఉన్నా పారవేయవలసిందే. స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసిన తరువాతే నీళ్ళలో చేయి పెట్టాలని ఇంట్లో పిల్లలకు కూడా చెప్పండి.

ప్రశ్న: హైవే పక్కన అమ్మే హెల్మెట్ల మీద కూడా ఐఎస్ఐ ముద్ర ఉంటోంది. ధర చూస్తే నమ్మబుద్ధి కావడం లేదు. ముద్ర అసలుదో కాదో మామూలు మనిషి తెలుసుకోగలడా? – ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, అనంతపురం

జవాబు: తెలుసుకోగలడు, అదీ దుకాణం ముందు నిలబడే. చాలామంది బొమ్మను చూసి ఆగిపోతారు. ఆ బొమ్మను ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. దానికి విలువ తెచ్చేవి పైనా కిందా ఉన్న అంకెలు. పైన ప్రమాణం సంఖ్య, హెల్మెట్‌కైతే ఐఎస్ 4151. కింద సీఎం/ఎల్ అనే అక్షరాల పక్కన ఏడు గాని పది గాని అంకెల లైసెన్సు సంఖ్య. ఈ రెండింటిలో ఏది లేకపోయినా అది ముద్ర కిందకు రాదు.

ఫోనులో బీఐఎస్ కేర్ అనే ఉచిత యాప్ వేసుకొని, లైసెన్సు వివరాలు సరిచూసే చోట ఆ సీఎం/ఎల్ సంఖ్యను కొట్టండి. లైసెన్సు పొందిన కంపెనీ పేరు, ఫ్యాక్టరీ చిరునామా, ఏ వస్తువుకు ఇచ్చారు, ఏ బ్రాండ్ల పేరుతో అమ్మవచ్చు, లైసెన్సు ఇప్పుడు అమలులో ఉందా అన్నవి తెర మీద కనిపిస్తాయి. సంఖ్య నిజమైనదే అయినంత మాత్రాన తృప్తిపడవద్దు. ఆ సంఖ్య వేరే కంపెనీదై ఉండవచ్చు, లేక అదే కంపెనీకి వేరే వస్తువు కోసం ఇచ్చినదై ఉండవచ్చు, గడువు తీరినదో రద్దయినదో కావచ్చు. చేతిలోని హెల్మెట్ మీది పేరూ తెర మీది పేరూ ఒకటైతేనే కొనండి. సంఖ్యను గోకి చూడవలసినంత మసకగా అచ్చు వేసిన హెల్మెట్‌ను, చూడనివ్వని అమ్మకందారును వదిలేయడమే మంచిది.

ప్రమాణం ప్రకారం హెల్మెట్‌ను నిర్ణీత ఎత్తు నుండి ఇనుప దిమ్మె మీద పడేటట్టు చేసి, లోపలి తల నమూనాకు ఎంత దెబ్బ చేరిందో కొలుస్తారు. గడ్డం కింది పట్టీని లాగి ఎంత సాగుతుందో చూస్తారు. దెబ్బను మింగేది లోపలి మందపాటి థర్మాకోల్ పొర. రోడ్డు పక్కన తేలికగా, చౌకగా దొరికే వాటిలో చాలావరకు ఆ పొర స్థానంలో పలచని స్పాంజి మాత్రమే ఉంటుంది, దానిని వేలితో నొక్కి చూస్తేనే తెలిసిపోతుంది. 2021 జూన్ 1 నుండి ద్విచక్ర వాహనాల హెల్మెట్లకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి. డీఓటీ అనే అమెరికా ముద్ర ఒక్కటే ఉన్న హెల్మెట్ మన నిబంధనలకు సరిపోదు. అది కూడా తయారీదారు తనకు తానే వేసుకునే ముద్ర. కర్నూలు నుండి అనంతపురం మీదుగా బెంగళూరు వెళ్ళే రహదారిలో రోజూ తిరిగే పిల్లల తల్లిదండ్రులు ఈ ఒక్క వస్తువు దగ్గర మాత్రం ధర చూసుకోవద్దని నా విన్నపం.

ప్రశ్న: ఫోను ఛార్జర్ మీద ఐఎస్ఐ లేదు, ఆర్ అనే అక్షరం పక్కన కొన్ని అంకెలున్నాయి. నకిలీదా? – ఆదోని

జవాబు: కాదు. ఛార్జర్లు, పవర్ బ్యాంకులు, ఫోన్లు, ఎల్ఈడీ బల్బులు వంటివి బీఐఎస్ నిర్బంధ నమోదు పద్ధతి కిందకు వస్తాయి. తయారీదారు బీఐఎస్ గుర్తించిన ప్రయోగశాలలో పరీక్ష చేయించి, ఆ నివేదికతో నమోదు చేసుకుంటాడు. ఐఎస్ఐలో లాగా ముందుగా ఫ్యాక్టరీ తనిఖీ ఉండదు. ఆ ఆర్ సంఖ్యను కూడా అదే యాప్‌లో సరిచూసుకోవచ్చు. బస్టాండుల దగ్గర అమ్మే ఛార్జర్లలో అసలు ఏ సంఖ్యా లేనివి ఉంటాయి, వాటిని రాత్రంతా పరుపు పక్కన ప్లగ్గులో ఉంచడం చాలా ప్రమాదం.

ప్రశ్న: మా చీనీ (బత్తాయి) తోటలో బోరుకు కొత్త మోటారు వేయాలి. ఐదు స్టార్ల మోటారు తీసుకుంటే షాకు కొట్టదు, కాలిపోదు అంటున్నారు. స్టార్లంటే నాణ్యత అనేనా? – ఒక రైతు, అనంతపురం జిల్లా

జవాబు: స్టార్లకూ షాకుకూ సంబంధం లేదు. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ ఇచ్చే ఆ గుర్తు, అంతే పనికి ఆ యంత్రం ఎంత తక్కువ కరెంటు వాడుతుందో చెబుతుంది. ఎక్కువ స్టార్లుంటే కరెంటు ఆదా అవుతుంది, అది మంచిదే. ఇన్సులేషన్ ఎలా ఉంది, నీటిలో తడిస్తే కరెంటు బయటకు వస్తుందా అన్న ప్రశ్నలకు జవాబు స్టార్లలో దొరకదు, ఐఎస్ఐ ముద్రలో వెతకాలి. బోరులో దించే సబ్‌మెర్సిబుల్ పంపుసెట్టుకు ప్రమాణం ఐఎస్ 8034. మోటారు పేరుపలక మీద ఆ సంఖ్య, సీఎం/ఎల్ సంఖ్య, ఎంత లోతు నుండి ఎంత నీరు తోడగలదో తెలిపే అంకెలు ఉంటాయి. ఆ లోతు మీ బోరుకు సరిపోకపోతే ఎంత మంచి ముద్ర ఉన్నా మోటారు కాలిపోవచ్చు.

మోటారు మీద పెట్టిన శ్రద్ధ కేబులు మీద పెట్టకపోవడం చాలా పొలాల్లో కనిపించే లోపం. వందల అడుగుల లోతుకు దిగే కేబులు మీద ప్రతి కొద్ది దూరానికీ ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 694 అనే సంఖ్య అచ్చయి ఉంటాయి. చుట్ట విప్పించి, మధ్యలోనూ చివరలోనూ చూడండి, ఎందుకంటే మొదటి కొన్ని మీటర్లు ఒక రకం, లోపల మరొక రకం చుట్టి అమ్మే అవకాశం ఉంది. స్టార్టరు పెట్టెకు ఎర్త్ వైరు కలిపించండి. వానాకాలంలో తడి నేల మీద నిలబడి, ఎర్త్ లేని ఇనుప పెట్టె మీద చేయి వేసి ప్రాణాలు పోగొట్టుకున్న రైతుల వార్తలు చదువుతూనే ఉన్నాము. ఏ ముద్రా ఆ ఎర్త్ వైరు స్థానాన్ని పూరించలేదు.

ప్రశ్న: ఉరుసులో, తిరునాళ్ళలో పిల్లలకు కొనే ఆటబొమ్మల మీద ఏ ముద్రా ఉండదు. వాటికి కూడా ఐఎస్ఐ కావాలా? ఏటికొప్పాక లక్కబొమ్మల సంగతేమిటి? – ఒక అమ్మమ్మ, కడప

జవాబు: కావాలమ్మా. 2021 జనవరి 1 నుండి పద్నాలుగేళ్ళ లోపు పిల్లలు ఆడుకునే బొమ్మలకు, అవి ఇక్కడ తయారైనా విదేశం నుండి వచ్చినా, ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి చేశారు. మామూలు బొమ్మలకు ఐఎస్ 9873, బ్యాటరీతో గాని కరెంటుతో గాని నడిచే వాటికి ఐఎస్ 15644 సంఖ్యలు చూడాలి. చేతివృత్తుల శాఖలో నమోదైన కళాకారులు చేసి అమ్మే బొమ్మలకు, భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉన్న వాటికి మినహాయింపు ఇచ్చారు. ఏటికొప్పాక, కొండపల్లి బొమ్మలకు ఆ గుర్తింపు ఉంది. వాటి మీద ముద్ర లేకపోయినంత మాత్రాన అనుమానించనక్కరలేదు, నమోదైన కళాకారుల సరుకేనా అని మాత్రం అడగండి.

బొమ్మల పరీక్షలో చూసేవి మన కంటికి కనిపించనివే ఎక్కువ. రంగులోని సీసం వంటి విష లోహాలు పిల్లవాడు చప్పరించినప్పుడు ఎంత మేరకు కరిగి బయటకు వస్తాయో కొలుస్తారు. మూడేళ్ళ లోపు పిల్లల బొమ్మల నుండి ఊడివచ్చే ముక్కలు గొంతుకు అడ్డం పడతాయేమో చూడడానికి 31.7 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న చిన్న గొట్టంలో వేసి చూస్తారు. అందులో పూర్తిగా ఇమిడిన ముక్క ప్రమాదకరమే. ఇంట్లో ఆ గొట్టం ఉండదు కాబట్టి, బొమ్మ కళ్ళు, చక్రాలు, గుండీలు గట్టిగా లాగి చూడండి. అన్నిటికంటే ఎక్కువ భయపడవలసినది వెలుగుతూ పాడే బొమ్మల్లోని గుండ్రటి బటన్ బ్యాటరీకి. పిల్లవాడు దానిని మింగితే అది అన్నవాహికలో ఇరుక్కొని రెండు గంటల్లోనే లోపలి కండను కాల్చగలదు. బ్యాటరీ మూత స్క్రూతో బిగించి ఉండాలి. గోటితో తెరుచుకునే మూత ఉన్న బొమ్మను పసిపిల్లల చేతికి ఇవ్వవద్దు. మింగినట్టు అనుమానం వచ్చినా ఇంటి వైద్యం చేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి.

ప్రశ్న: గ్యాస్ సిలిండర్ మీద బి-27 వంటి గుర్తు ఉంటుంది. అది భద్రతా ముద్రేనా? – ఎమ్మిగనూరు

జవాబు: అది పరీక్ష గడువు. ఏ అంటే జనవరి నుండి మార్చి, బి అంటే ఏప్రిల్ నుండి జూన్, సి అంటే జూలై నుండి సెప్టెంబర్, డి అంటే అక్టోబర్ నుండి డిసెంబర్. బి-27 ఉన్న సిలిండర్‌ను 2027 జూన్ లోపల మళ్ళీ పరీక్షకు పంపాలి. పైభాగంలో పిడిని పట్టి ఉంచే ఇనుప పట్టీల లోపలివైపు అది కనిపిస్తుంది. గడువు దాటినది ఇంటికి వస్తే తీసుకోకుండా మార్చమని అడిగే హక్కు మీకుంది. రబ్బరు గొట్టం మీద ఐఎస్ 9573 సంఖ్య చూసుకొని, ఐదేళ్ళకొకసారి మార్చండి.

ప్రశ్న: పాత గొలుసు మీద కేడీఎం అని ఉంది. అది హాల్‌మార్కేనా? – ప్రొద్దుటూరు

జవాబు: కాదు. అది కాడ్మియంతో అతికిన నగ అని తెలిపే వ్యాపార గుర్తు. ఆ అతుకు వేసేటప్పుడు వచ్చే ఆవిరి స్వర్ణకారుల ఊపిరితిత్తులను పాడుచేస్తుంది. హాల్‌మార్కులో బీఐఎస్ గుర్తు, 22కె916 వంటి స్వచ్ఛత సంఖ్య, అక్షరాలూ అంకెలూ కలిసి ఆరు ఉండే హెచ్‌యూఐడీ అనే గుర్తింపు సంఖ్య ఉంటాయి. 2023 ఏప్రిల్ 1 నుండి దుకాణాలలో హాల్‌మార్కు నగలను హెచ్‌యూఐడీతోనే అమ్మాలి. ఇది భద్రతకు కాక స్వచ్ఛతకు సంబంధించిన ముద్ర.

ప్రశ్న: ఐఎస్ఐ ముద్ర ఉన్న ఇస్త్రీపెట్టె నెల తిరగకముందే మా ఆవిడకు షాకు కొట్టింది. దుకాణంవారు రిపేరు చేసి ఇస్తామంటున్నారు తప్ప బాధ్యత తీసుకోవడం లేదు. ఎక్కడ చెప్పుకోవాలి? – ఒక ఉపాధ్యాయుడు, గుంతకల్లు

జవాబు: ముందుగా పెట్టెను వాడడం ఆపి, మీ ఇంటి సాకెట్టులో ఎర్త్ పనిచేస్తోందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి, ఎందుకంటే అవతలి పక్షం మొదట లేవనెత్తేది అదే. తరువాత సీఎం/ఎల్ సంఖ్యను యాప్‌లో సరిచూడండి. సంఖ్య నకిలీదైతే అది బీఐఎస్ చట్టం కింద నేరం, ఆ యాప్ ద్వారానే ఫిర్యాదు చేయవచ్చు. సంఖ్య నిజమైనదే అయి వస్తువు ప్రమాణానికి తగినట్టు లేకపోతే, ఆ ఫిర్యాదు ఇంకా విలువైనది. లైసెన్సుదారు నుండి వినియోగదారుకు పరిహారం ఇప్పించే అవకాశం 2016 నాటి బీఐఎస్ చట్టంలో ఉంది. మీ ఒక్కరి ఫిర్యాదుతో అదే సరుకు కొన్న మిగతా ఇళ్ళ గురించి కూడా విచారణ జరగవచ్చు.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 నాటి చట్టం ప్రకారం కంపెనీ ఎక్కడున్నా మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేసుకోవచ్చు, ఐదు లక్షల రూపాయల లోపు కొనుగోళ్ళకు రుసుము లేదు, న్యాయవాది లేకుండా స్వయంగా వాదించుకోవచ్చు. ఘటన జరిగిన రెండేళ్ళలోపు వేయాలి. లోపమున్న వస్తువు వల్ల దెబ్బ తగిలితే తయారీదారు బాధ్యుడు. తయారీదారు ఎవరో తెలియని వస్తువైతే ఆ బాధ్యత అమ్మినవారి మీద పడుతుంది. చిరునామా లేని సరుకు అమ్మే దుకాణాలవారు ఈ నిబంధనను తప్పక తెలుసుకోవాలి.

బిల్లు, డబ్బా, వారంటీ కాగితం, ఆసుపత్రి చీటీ ఉంటే అదీ జాగ్రత్తగా పెట్టండి. ముద్ర, సంఖ్య స్పష్టంగా కనిపించేటట్టు ఫొటోలు తీయండి. అన్నిటికంటే ముఖ్యంగా, రిపేరు చేస్తామన్న మాట మీద పెట్టెను దుకాణంవారి చేతికి ఇవ్వవద్దు. లోపాన్ని తేల్చడానికి కమిషన్ ఆ వస్తువును ప్రయోగశాలకు పంపించవచ్చు. అప్పటికి అది విప్పి సరిచేసినదై ఉంటే పరీక్షలో తేలేది ఏమీ ఉండదు.